ఎవడో జారిపడ్డాడని చెప్పాను

జూలై 4, శుక్రవారం

మార్నింగ్ షో. పోలీసు సినిమా. మూడు గంటలు పోయాయి, తిరిగి రావు.

హీరో ఎస్సై. మొదటి పది నిమిషాల్లో ఓ పదిహేనుమందిని కొట్టాడు, ఇస్త్రీ చొక్కా నలగలేదు. అతనికో అన్న. ఆ అన్న భోజనం ముందు కూర్చుని "ఈసారి పండక్కి అందరం కలిసి ఊరెళ్దాం" అన్నాడు. వీడు ఇంటర్వెల్‌లోపు చస్తాడని యాదగిరి చెవిలో చెప్పేశాను.

"అక్క, చచ్చినంక చెప్పు. గిప్పుడు ఏమైతున్నదో గది చెప్పు."

ప్రతి వారం ఇదే తగువు. జరిగేది చెప్పమంటాడు, నేను అభిప్రాయం చెప్తాను. మూడేళ్ళ కింద అతని ఎంఏ పరీక్షలకు నేను పక్కన కూర్చుని రాసిపెట్టాను — అతను చెప్పేవాడు, నేను రాసేదాన్ని. సినిమా హాల్లో అది తిరగబడింది. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి చూపు పోయిందట. రంగులు మాత్రం గుర్తున్నాయి. ఇవాళ హీరోయిన్ చీర ఏ రంగని అడిగాడు. ఆకుపచ్చ అన్నాను. "ఏ ఆకుపచ్చ? వరినారుదా, చింతాకుదా?" నాకేం తెలుసు. ఆ పాట అంతా పొగలోనే తీశారు.

ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగాడు. మూడోసారి "మేడమ్, కామెంటరీ బయట పెట్టుకోండి" అన్నాడు. యాదగిరే జవాబిచ్చాడు. "అన్నా, నాకు కనవడదే. జర అడ్జస్ట్ గాండ్రి." ఆయన మళ్ళీ తిరగలేదు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ డబ్బా మా వైపు చాపాడు. తీసుకోలేదు నేను. యాదగిరి తీసుకున్నాడు.

సినిమా అతనికి నచ్చింది. అదే నాకు ఎక్కువ ఒళ్ళు మంట.

జూలై 5, శనివారం

థీసిస్ మూడో చాప్టర్ ఫైలు తెరిచాను. మూసాను. తార్నాక నుంచి క్యాంపస్ దాకా నడిచి వెళ్ళి, లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని, నిన్నటి సినిమాలో విలన్‌కు అసలు ఏం కావాలి అని రెండు గంటలు ఆలోచించాను. దర్శకుడు కూడా అంత ఆలోచించి ఉండడు.

జూలై 8, మంగళవారం

అమ్మ: "వారం వారం ఆ పిల్లోనితో సినిమాలకు ఏంటికి పోతాండావు? చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

ఏమీ అనుకోరమ్మా, అతను నన్ను అక్క అంటాడు అన్నాను. "అనేదానికేముంది" అంది.

అనంతపురం వదిలి ఇక్కడికొచ్చి ముప్పైయేళ్ళు దాటింది ఈవిడ. చూసినోళ్ళు ఇంకా అక్కడి నుంచే చూస్తున్నారు.

జూలై 11, శుక్రవారం

ఫ్యామిలీ కామెడీ. మెట్టుగూడ దాటాక ఉన్న పాత హాలు. సీటు స్ప్రింగు గుచ్చుకుంది. హాలు నిండింది, పిల్లలు, ముసలివాళ్ళు, అందరూ. మొదటి గంట బాగానే ఉంది, నేను కూడా నవ్వాను. పెళ్ళింట్లో వంటవాడు పారిపోతే మగవాళ్ళందరూ పప్పు వండే సీను — అది రాసినవాడు ఎవడో నిజంగా పప్పు మాడబెట్టినవాడే.

తర్వాత...

రాయడానికి కూడా చిరాకు. పెళ్ళిచూపులకు చూపులేని ఒకతను వస్తాడు. నల్లకళ్ళద్దాలు. పిల్ల అనుకుని స్తంభానికి దండం పెడతాడు. కమెడియన్ అతని చేతిలో మిఠాయి అని పచ్చిమిరపకాయ పెడతాడు. అతను కొరుకుతాడు. మొహం మీద క్లోజప్. ఎగిరెగిరి పడతాడు, పూలకుండీ తన్నుకుంటాడు, పడతాడు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. నా పక్కన ఒకావిడ కళ్ళు తుడుచుకుంది నవ్వలేక.

యాదగిరి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏందక్క? ఏమైంది? ఎందుకు గట్ల నవ్వుతున్నరు?"

ఎవడో జారిపడ్డాడని చెప్పాను.

"ఎవడు?"

"పెళ్ళివాళ్ళలో ఒకడు. నెయ్యి మీద కాలేసి."

అతను కూడా నవ్వాడు. తల వెనక్కి వాల్చి, గట్టిగా. నేను తెర వైపు చూడలేదు, అతని వైపూ చూడలేదు. కాళ్ళ దగ్గర ఎవరిదో నీళ్ళ సీసా దొర్లుతూ ఉంటే దాన్ని చూశాను.

మిగతా సినిమా చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

జూలై 12, శనివారం

చెప్పాల్సిందా? చెప్తే ఏం లాభం. సరదాగా వచ్చాడు, సరదాగా పోయాడు.

అంతే. దీని గురించి ఇంక రాయను.

జూలై 18, శుక్రవారం

చిన్న సినిమా. కొత్తవాళ్ళు. హాల్లో మేము కాక పదకొండుమంది. బాగుంది — ఎంత బాగుందంటే కోపం వచ్చేంత. ఒకతను ఇంజనీరింగ్ ఉద్యోగం మానేశానని ఇంట్లో చెప్పడు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, పార్కులో కూర్చుని, సాయంత్రం వస్తాడు. డైలాగులు తక్కువ. నాకు పని ఎక్కువ. "బెంచీ మీద కూర్చున్నాడు. డబ్బా తెరిచాడు. తినడం లేదు. పక్కన కుక్క. కుక్కకు పెట్టాడు. మళ్ళీ డబ్బా మూశాడు..."

అక్కడ ఆగిపోయాను. యాదగిరి మోచేత్తో పొడిచాడు. తర్వాత ఏమైందని. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది —

"నేనూ ఇంతే యాదగిరీ. ఆర్నెల్లయింది ఒక్క వాక్యం రాసి. థీసిస్ వదిలేస్తున్నా. ఇంట్లో చెప్పలేదు. గైడ్ మేడమ్‌కీ చెప్పలేదు."

అతను నా చెయ్యి వెతికి, పట్టుకుని, వదిలేశాడు. కాసేపయ్యాక, "కుక్క ఉన్నదా, పోయిందా?" అన్నాడు.

ఉంది అన్నాను.

చివర్లో ఆ అబ్బాయిని తండ్రి పార్కులో చూస్తాడు. చూసి, కనబడనట్టు పక్క సందులోకి తిరిగి వెళ్ళిపోతాడు. ఎంత బాగా తీశాడు ఆ దర్శకుడు. వచ్చేవారానికి హాల్లోంచి తీసేస్తారు. పోలీసు సినిమా మాత్రం ఇంకా ఆడుతోంది.

జూలై 20, ఆదివారం

కింది పోర్షన్‌లో బోనాలు. మైకు పొద్దుటి నుంచీ. నాన్న, కిందివాళ్ళ చుట్టాలకు నన్ను చూపించి "మా సుజాత, డాక్టరేట్ అయిపోవచ్చింది, చేనేత సంఘాల మీద" అన్నాడు. యూనివర్సిటీ ఆఫీసులో ముప్పైయేళ్ళు ఇతరుల థీసిస్‌లకు నంబర్లు వేసి లోపలికి పంపిన మనిషి. వాళ్ళెవరో నాకు దండం పెట్టారు.

జూలై 23, బుధవారం

కోపం ఇంకా దిగలేదు. రాస్తే తగ్గుతుందేమో.

పొద్దున క్యాంటీన్‌లో టీ. పరిచయం లేని కుర్రాడు, చేతిలో తెల్ల కర్ర, నా గొంతు విని ఆగాడు. "సుజాతక్కనే గదా మీరు? మీ సినిమాలు మస్తుంటయక్క. పోలీసోన్ని ఏం తిట్టిన్రు..." తర్వాత గొంతు తగ్గించి, "థీసిస్ గిట్ల వదిలెయ్యకున్రి అక్క. ఇన్నేండ్లు చేసిన్రు."

ఒక్క నిమిషం అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది.

యాదగిరి లైబ్రరీ వెనక సిమెంటు బెంచీ మీద ఉన్నాడు, చెవిలో ఇయర్‌ఫోను. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి లేచాడు. రికార్డు చేస్తున్నావా అని అడిగాను. దాచలేదు.

"ఆ. ఫోన్ జేబుల పెట్టుకుంట. మల్ల ఒకపారి వింట అక్క. హాల్ల లొల్లికి సగం వినవడది."

"హాస్టల్లో అందరికీ ఎవరు పంపారు?"

"అందరికి గాదు. ఆరుగురికి. వాళ్ళను సినిమాకు తీస్కపోయేటోళ్ళు ఎవలు లేరు. అడిగిన్రు, పంపిన."

"నేను చెప్పిన ఆ మాట కూడా?"

అప్పుడు అతని మొహం మారింది. "ఏ మాట..." అని, ఆగి, "అయ్యో" అన్నాడు. "మూడు గంటల ఫైలక్క. ఎనకకు పోయి వినలే. గట్లనే పంపిన."

నువ్వు నా గొంతు అమ్ముకున్నావన్నాను. అమ్ముకోలేదు, ఊరికే ఇచ్చాడు. అది ఇంకా అధ్వాన్నం అన్నాను. నీకు చూపు లేదని నేను వస్తే, నాకు చెవులు లేవనుకున్నావా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

అతను నిలబడే ఉన్నాడు. "నిన్ను అడగకుండ చేసుడు తప్పే. ఒప్పుకుంట."

వచ్చేశాను.

జూలై 24, గురువారం

ఆరుగురు. ఆ ఆరుగురికి స్నేహితులు. మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆ హాస్టల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం మానేశాను. మేడమ్ చెవిన ఎప్పుడు పడుతుంది, నాన్న చెవిన ఎప్పుడు.

అతని ఫోన్లు మూడు. ఎత్తలేదు.

జూలై 26, శనివారం

ఎత్తాను. కలుద్దామన్నాడు. అదే బెంచీ. క్షమించమని మళ్ళీ చెప్తాడనుకుని పోయాను, కొంచెం కటువుగా, కొంచెం సేపటికి క్షమించేద్దామని తయారై.

"తప్పయిందని చెప్పిన. ఫైళ్ళు అందరితోని తీపిచ్చిన. గిప్పుడు నేనొకటి అడుగుత."

అడుగు అన్నాను.

"మెట్టుగూడల చూసిన సినిమాల ఎవడు జారిపడ్డడు?"

నీకెవరు చెప్పారన్నాను.

అతని రూమ్మేట్ శ్రీకాంత్‌కు ఒక కంట్లో కొంచెం చూపుంది. ముందు వరసలో కూర్చుంటే తెర మసగ్గా కనిపిస్తుంది. ఆ సినిమా అతను అంతకుముందే చూశాడు. నా రికార్డు వింటూ ఆ సీను దగ్గర ఆపి, యాదగిరిని అడిగాడట — నెయ్యి ఎక్కడిది, గాడ నెయ్యే లేదు గదా అని.

"పచ్చిమిరపకాయ అట గద."

"నీకు బాధ కలుగుతుందని..."

"నేను గూడ నవ్విన అక్క." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది. "హాలంత నవ్వుతుంటే నేను గూడ నవ్విన. రికార్డుల వినవడుతున్నది నా నవ్వు. అందరికన్న గట్టిగ నేనే నవ్విన. శ్రీకాంత్ గది విని ఏమనుకున్నడో ఎరికేనా? నాకు తెలిసే నవ్విననుకున్నడు."

పక్కనే వేపచెట్టు కింద ఎవరో సెల్ఫీ తీసుకుంటున్నారు, మూడుసార్లు తీసుకున్నారు.

"ఇంక ఎన్ని మార్చినవు?"

ఏమీ లేదన్నాను. తర్వాత నిజం చెప్పాను — రెండు. నిరుడు ఒక సినిమాలో చచ్చిపోయిన పాపను బతికించాను, అప్పుడు అతని చెల్లెలు ఆస్పత్రిలో ఉంది. ఇంకోదాంట్లో హీరో చివరికి రైలెక్కలేదు. ఎక్కాడని చెప్పాను, ఎందుకంటే ఎక్కితేనే బాగుండేది.

"ఆ రైలు గురించి నేను మా హాస్టల్ల ఒకనితోని లొల్లి పెట్టుకున్న" అన్నాడు. "వాడే కరెక్టన్నమాట."

కర్ర విప్పుకుని వెళ్ళిపోయాడు. ఎప్పుడూ రోడ్డు దాకా నేను దింపేదాన్ని.

జూలై 29, మంగళవారం

అతనిది పెద్ద తప్పా, నాది పెద్ద తప్పా. పొద్దుటి నుంచి తూస్తున్నాను. ఒకసారి ఇటు, ఒకసారి అటు. అతను నా మాట దాచుకోలేదు. నేను అతనికి రావాల్సిన మాట దాచాను. ఏం సుఖం ఈ తూకంతో.

ఆగస్టు 1, శుక్రవారం

ఒంటరిగా వెళ్ళాను. దెయ్యం సినిమా. దెయ్యం మంచిదే పాపం, దానికి పెట్టిన ఫ్లాష్‌బ్యాకే భరించలేం. తెల్లచీర, విరబోసిన జుట్టు, నలభై నిమిషాల కన్నీళ్ళు. ఏ కాలంలో ఉన్నారు వీళ్ళు.

అసలు విషయం అది కాదు. సినిమా సరిగ్గా చూడలేకపోయాను. తలుపు తెరుచుకుంటే "తలుపు తెరుచుకుంది" అని మనసులో అనుకున్నాకే నాకు కనిపిస్తోంది. చెప్పడానికి ఎవరూ లేకపోతే చూడ్డం రావడం లేదు. ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాను. సీతాఫల్‌మండి దాకా ఏదో బస్సెక్కి, దిగి, మళ్ళీ వెనక్కి.

ఆగస్టు 3, ఆదివారం

నాన్నకు చెప్పేశాను. వేరేవాళ్ళు చెప్పేలోపు.

పేపరు చదువుతున్నాడు. మడిచాడు. పార్కులోంచి పక్క సందులోకి తిరిగి వెళ్ళిపోయే తండ్రి కాదు మా నాన్న. ఎదురుగానే కూర్చున్నాడు.

"ఏడేండ్లు" అన్నాడు. "ఏడేండ్లు ఏం చేస్తాంటివి?"

రాయలేకపోతున్నా నాన్నా అన్నాను.

"రాయలేకపోతే ఆర్నెల్లు ఎందుకు చెప్పకపోతివి? నేను ఊరంతా చెప్పుకుంటాంటి. నా నోరు మూయించకపోతివి."

అదే మాట. యాదగిరి మాటే. నన్ను నవ్వించావు, నాతో చెప్పించావు. నేను ఎవరినీ బాధ పెట్టకుండా నోరు మూసుకుంటాను, వాళ్ళు నలుగురిలో నవ్వులపాలవుతారు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "రానిదాన్ని ఎంతకాలం పీడిస్తారు" అంది, ఎవరితోనో తెలియదు, మళ్ళీ లోపలికి పోయింది. నాన్న మధ్యాహ్నం అన్నానికి రాలేదు. తర్వాత తిన్నాడు. నాతో మాట్లాడలేదు.

ఆగస్టు 5, మంగళవారం

నాన్న ఇంకా మాట్లాడడం లేదు. టీవీ సౌండు మాత్రం పెంచుతున్నాడు.

ఆగస్టు 7, గురువారం

యాదగిరికి నేనే ఫోన్ చేశాను. రేపు ఒక సినిమా ఉంది, వస్తావా, ఏదీ దాచను అన్నాను.

"పోయినవారం శ్రీకాంత్‌తోని పోయిన. వాడు నడుమనడుమ చెప్తడు. 'ఎవడో వచ్చిండు... పోయిండు... ఏందో అయింది' అంటడు." నవ్వలేదు, కానీ నవ్వుకు దగ్గరగా ఉంది గొంతు. "వస్తా. ఫోన్ల రికార్డు చెయ్యను."

ఆగస్టు 8, శుక్రవారం

ఫ్యాక్షన్ సినిమా. మా సీమ పేరు చెప్పి మళ్ళీ అవే కొడవళ్ళు, అవే జీపులు. మా ఊళ్ళో నేను చూసిన అతి పెద్ద గొడవ కుళాయి దగ్గర. ఈ సినిమావాళ్ళకు అనంతపురంలో మనుషులు కూరగాయలు కొంటారని తెలియదు.

అన్నీ చెప్పాను. కొడవలి ఎక్కడ దిగిందో. రక్తం ఏ రంగులో ఉందో — "ఎండిన తాటిబెల్లం రంగు" అన్నాను. అభిప్రాయాలు మింగాను. మింగలేక దగ్గాను.

రెండో సగంలో హీరో హీరోయిన్‌ని చెంపమీద కొట్టాడు. ఎదురు మాట్లాడినందుకు. హాల్లో ఈలలు. పేపర్లు ఎగరేశారు.

"ఈలలు ఎందుకేస్తున్నరు?"

ఒక్క క్షణం. పాట మొదలైందని చెప్తే అయిపోతుంది.

"కొట్టాడు. ఆమెను. చెంపమీద."

"అందుకు ఈలలా?"

"అందుకే."

"ఆమె ఏం చేస్తున్నది?"

చూశాను. "చెంప పట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు. నేల వైపు చూస్తోంది. ఇప్పుడు... నవ్వింది. అతన్ని చూసి నవ్వుతోంది."

యాదగిరి ముందుకు వంగి కూర్చున్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. ఆ తర్వాత గంటసేపు ఒక్క ప్రశ్న వేయలేదు. చీర రంగు కూడా అడగలేదు. నేను చెప్తూనే ఉన్నాను. వింటున్నాడో లేదో.

బయట వర్షం. మెట్రో మెట్ల కింద నిలబడ్డాం. "గిట్లాంటివి ఇదివరకు గూడ ఉండెనా సినిమాలల్ల?" అన్నాడు.

ఉండేవన్నాను.

"గప్పుడు ఏం చెప్పేదానివి?"

వాటిని దాచానని కూడా నాకు తెలియదు. అప్పుడు నేను వాటిని చూడనే లేదు. ఈలలు వేస్తే పాట అనుకున్నానేమో నేను కూడా. అదే చెప్పాను. అతను తల ఊపాడు, నమ్మాడో లేదో తెలియని ఊపు.

ఆగస్టు 12, మంగళవారం

మేడమ్‌ను కలిశాను. విన్నానులే అంది. ఎవరి ద్వారానో అడగలేదు నేను. నెల గడువిచ్చింది, ఆలోచించుకోమని. దేని గురించి ఆలోచించాలో చెప్పి ఉంటే బాగుండేది.

ఆగస్టు 14, గురువారం

యాదగిరి ఫోన్. ఆదివారం పొద్దున రీడింగ్ రూములో శ్రీకాంత్, ఆ ఆరుగురు, తను. ల్యాప్‌టాప్‌లో సినిమా పెడతారట. నేను చెప్పాలట. ఫోన్లు బయట పెడతామన్నాడు.

"వాళ్ళే అడుగుతున్నరు. నేను గాదు."

"నన్ను నమ్ముతారా వాళ్ళు? శ్రీకాంత్?"

"శ్రీకాంత్ ముందట కూసుంటా అంటున్నడు. తెర ముందట. చెక్ చెయ్యడానికి."

నాకు కోపం వచ్చింది. పరీక్షకు పిలుస్తున్నారు నన్ను. నేనేం తప్పించుకుపోయిన దొంగనా. ఫోన్ పెట్టేశాను. పది నిమిషాలకు మెసేజి — సినిమా పేరు, అంతే. వస్తావా అని కూడా లేదు.

ఆగస్టు 16, శనివారం

పోతానో లేదో తెలియదు. నాన్న ఇవాళ మాట్లాడాడు. "గొడుగు ఏది" అన్నాడు. అది కూడా మాటే.

ఆ సినిమా నేను చూడలేదు. పొద్దున ల్యాప్‌టాప్ తెరిచాను, ముందే ఒకసారి చూసి పెట్టుకుందామని. ఎక్కడ ఏం వస్తుందో తెలిస్తే తడబడను, మాటలు సరిగ్గా దొరుకుతాయి, శ్రీకాంత్ ముందు పరువు పోదు. మొదటి బొమ్మ వచ్చింది. ఖాళీ బడి, వరండాలో ఒక మనిషి ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

ఆపేశాను. ముందే చూస్తే ఏం దాచాలో కూడా ముందే అనుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

అతను ఇటు తిరిగితే ఎలా ఉంటాడో... ఇంకా చూడలేదు.